ఇంటి ముందు నిలబడిన మనిషి

ప్రభుత్వం డబ్బుతో కట్టే ఇంటికి మూడుసార్లు ఫొటో తియ్యాలి. పునాది అయ్యాక ఒకసారి, గోడలు తలుపుల పైన లింటల్ దాకా లేచాక ఒకసారి, శ్లాబు పడ్డాక ఒకసారి. ఇల్లు ఎవరి పేరున మంజూరైందో ఆ మనిషి ఇంటి ముందు నిలబడాలి. ఇళ్లు ఆడవాళ్ల పేరునే ఇస్తారు కాబట్టి నా ఫోన్ నిండా ఆడవాళ్లే ఉండేవారు. వెనక ఇటుక గోడ, ముందు ఒక ఆవిడ, ఎండకి చిట్లించిన కళ్లు. ఫొటో యాప్‌లోకి ఎక్కితేనే బిల్లు కదులుతుంది. ఉద్దానం తీరాన ఒక ఊరి సచివాలయంలో నేను ఈ పని కొన్నేళ్లు చేశాను. ఎన్ని వందల ఫొటోలు తీశానో గుర్తు లేదు. వాటిలో ఒకటి మాత్రం అబద్ధం.

మాది టెక్కలి. సివిల్ చదివి, పరీక్ష రాసి, ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరాను. అదే మొదటి ఉద్యోగం. పొద్దున్నే బస్సులో పలాస వెళ్లి, అక్కడ స్టాండులో ఉంచుకున్న స్కూటీ తీసుకుని, జీడితోటల మధ్య నుంచి సముద్రం వైపు పోయేదాన్ని. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట పక్కన, ఇసక నేల మీద కొత్త కాలనీకి స్థలాలిచ్చారు. నేను వెళ్లేసరికి అది సగం కట్టిన ఊరు. కొన్ని పునాదుల దగ్గరే ఆగిపోయాయి. కొన్నిటికి గోడలున్నాయి, కప్పు లేదు. తలుపుల్లేని గుమ్మాల్లోంచి గాలి దూరి బయటికొస్తుంటే ఎవరో లోపల్నించి పలికినట్టుండేది. ఆగిపోయిన ఇళ్ల గురించి అడిగితే ఊరివాళ్లు ఒకటి రెండు మాటల్లో చెప్పేవారు. "ఆల మగోడు పోనాడు." "ఆయమ్మకి కిడ్నీ." ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ రెండో మాట విన్నాక ఇంక ఎవరూ వివరం అడగరు.

అక్కడే నాకు ఆమె పరిచయమైంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ముప్పై దాటి రెండు మూడేళ్లు ఉంటాయేమో. పల్లెకారు కుటుంబం. భర్త గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి వెళ్లేవాడు, ఏడాదిలో ముప్పాతిక భాగం అక్కడే. ఇంట్లో అక్క, బడికెళ్లే ఒక కూతురు, కళ్లలో పొరలు కమ్మిన అత్త. తుఫానుకి వాళ్ల పాత తాటాకుల ఇంటి కప్పు లేచిపోతే మిగిలిన గోడల మీద టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నారు. పట్టా, మంజూరు కాగితం రెండూ అక్క పేరునే వచ్చాయి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బియ్యం డబ్బాలో దాచింది.

ఇల్లు కట్టుకునేవాళ్లకి ఉపాధి హామీ కింద కొన్నాళ్ల కూలి కూడా వస్తుందని ఆమెకి చెప్పింది నేనే. తన ఇంటికి తను మట్టి పని చేసుకున్నా ఆ కూలి తన ఖాతాలోనే పడుతుందని చెప్తే నమ్మలేదు.

"నా ఇంటికి నాను ఇసక మోసుకుంతే గవర్నమెంటోలు నాకు కూలిత్తారా? ఇదేటి ఇడ్డూరం మేడమ్మా!" అని పడీపడీ నవ్వింది.

మర్నాటి నుంచే పనిలోకి దిగింది. గోతులు తియ్యడం, ఇసక మొయ్యడం, మేస్త్రికి ఇటుకలందించడం, కట్టిన గోడని పొద్దున్నా సాయంత్రం తడపడం. తనకి రాసిన రోజులు అయిపోయాక కూడా మానలేదు. ఆ ఏడాది కాలనీలో ఎటు చూసినా పనే. జీడి బద్దలు తీసే ఆడవాళ్లు కూడా ఆ పని మానేసి ఇటుకలకొచ్చారు. అక్క పొద్దున్న పరాయి ఇళ్లకి మోసేది, మధ్యాహ్నం తన ఇంటికి మోసుకునేది. పక్క ఊరి నుంచి ఆమె చెల్లెలు, అక్కని అప్పా అని పిలుస్తూ, సాయం వచ్చేది. ఇరవై ఏళ్ల పిల్ల, పెళ్లి కాలేదు. ఇద్దరిదీ ఒకటే పోలిక, ఒకటే ఎత్తు. తల మీద ఇసక గమేళా పెట్టుకుని వెనక నుంచి వస్తుంటే ఎవరు ఎవరో నేను పోల్చుకోలేకపోయేదాన్ని.

పునాది ఫొటో రోజున అక్క మొహానికి పసుపు రాసుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. పునాది మీదికెక్కి, "ఇలగ నిల్సోమంతారా?" అని చేతులు రెండూ పక్కలకి చాపి చూపించింది. ఎదురుగా ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆ ఫొటో బాగా వచ్చింది.

లింటల్ ఫొటోకి నేను వెళ్లేసరికి వైశాఖ మాసం ఎండ. పన్నెండు దాటింది. అక్క గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. కాళ్లు చూశాను. పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. మొహం కూడా ఉబ్బినట్టుంది.

"ఏటక్కా, కాళ్లు వాచినట్టున్నాయి?"

"బరువులు మోత్తన్నాను గదా. అయ్యే తగ్గుతాయి."

"ఊళ్లో క్యాంపు పెట్టారు గదా, పరీక్ష చేయించుకున్నావా?"

"పరీచ్చ సేత్తే ఆలు ఏటో ఒకటి సెప్తారు మేడమ్మా. అప్పుడు పనెవులు సేత్తారు? శ్లాబు పడనీ. పడ్డాక నానే ఎల్తాను."

నేను ఆ మాట దగ్గర ఆగాలి. ఆగలేదు. ఆ రోజు నాకు ఇంకా చాలా ఇళ్లున్నాయి. ఫోన్ తీశాను.

"గోడని వదిలి నిలబడక్కా. ఆనుకుంటే ఫొటో బాగుండదు."

ఆమె చెయ్యి తీసేసి నిటారుగా నిలబడింది. ఫొటో తీశాను. ఎక్కలేదు. కాలనీలో సిగ్నల్ ఎప్పుడూ అంతే. ఒక్క నిమిషం అక్కా అన్నాను. మళ్లీ తీశాను. మళ్లీ తిరిగొచ్చింది. మూడోసారి కూడా గోడ ముట్టుకోవద్దనే చెప్పాను. ఆ మూడోది ఎక్కింది. "అయిపోయిందక్కా" అనగానే ఆమె అక్కడే, ఇసకలో, ఎండలో కూర్చుండిపోయింది. చెల్లెలు పరుగెత్తుకొచ్చి చెంబుతో నీళ్లిచ్చింది. నేను స్కూటీ తిప్పుకుని వచ్చేశాను.

ఇరవై రోజులు తిరక్కుండా ఆమె పోయింది. ఊపిరందడం లేదని పలాస తీసుకెళ్లారట. అక్కడి నుంచి శ్రీకాకుళం తీసుకెళ్లమన్నారు. రెండు కిడ్నీలూ ఎప్పుడో పాడైపోయాయని, ఇన్నాళ్లు ఎలా నిలబడిందోనని డాక్టరు అన్నాడట. ఒక్కసారి రక్తం శుద్ధి చేశారు. రెండోసారికి ఆగలేదు. భర్త గుజరాత్ నుంచి రైల్లో వచ్చేసరికి అంతా అయిపోయింది. నేను దినం రోజున వెళ్లాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "నీ పేరు సెప్పుకునీదమ్మా. మేడమ్మ గట్టిది, బిల్లు ఆపదు అనీది" అంది.

భర్త మళ్లీ గుజరాత్ వెళ్లలేదు, ఇంటి పని మొదలుపెట్టాడు. తక్కువ మాట్లాడే మనిషి. సెంట్రింగ్ కట్టించి, ఊళ్లో కుర్రాళ్లందరినీ పోగేసి, ఒక్క రోజులో శ్లాబు వేసేశాడు. ఆమె ఏ వేళకి గోడ తడిపేదో తల్లిని అడిగి తెలుసుకుని, అదే వేళకి శ్లాబు మీద పదిహేను రోజులు నీళ్లు కట్టాడు. తరవాత సచివాలయానికొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"శ్లాబు అయిపోనాది. పొటో తీసీండి."

మనిషి పోతే ఇల్లు వారసుల పేరు మీదికి మారాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, మండలం, డివిజన్, అక్కడి నుంచి పైకి. నెలలు పడుతుంది. అప్పటిదాకా బిల్లు ఆగిపోతుంది. సిమెంటూ ఇనుమూ తెచ్చిన కొట్టువాడు అప్పటికే ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. పై ఆఫీసు నుంచి నాకు రోజూ ఫోను, శ్లాబు స్టేజి ఎన్నయ్యాయి, ఈ వారంలో ఎన్ని చూపిస్తావు అని. ఇవన్నీ నిజమే. కానీ ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, ఎవరూ నా చేత అనిపించలేదు.

"మీ మరదలు అక్క పోలికే గదా. ఒక్కసారి నిలబడితే అయిపోద్ది" అన్నాను.

అతను, "దానికి మీరే సెప్పండి" అని వెళ్లిపోయాడు.

చెల్లెలు ముందు ఒప్పుకోలేదు. "సచ్చిపోయినోల జాగాలో నిల్సోకూడదంతారు మేడమ్" అంది. ఇది నిలబడడం కాదు, కాగితం కోసం అన్నాను. మీ అక్క పడిన కష్టం ఊరికే పోతుంది అన్నాను. ఆ మాటతో ఒప్పుకుంది. అత్తగారు లోపలికెళ్లి తడుముకుంటూ ఆకుపచ్చ చీర తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల అది కట్టుకుని, తల దించుకుని, గుమ్మం ముందు నిలబడింది. తలెత్తమన్నాను. ఎత్తింది. ఫోన్ తెర మీద నాకు అక్కే కనబడింది. కళ్ల కింద ఉబ్బు లేదు, అంతే.

ఫొటో మొదటిసారికే ఎక్కేసింది. ఆ కాలనీలో ఎప్పుడూ దొరకని సిగ్నల్ ఆ రోజు దొరికింది.

అత్తగారు దగ్గరికొచ్చి, "ఏదీ, ఓపాలి సూపించమ్మా" అంది. ఫోన్ ఆమె మొహానికి దగ్గరగా పట్టుకున్నాను. కళ్లు చికిలించి, తెర మీద వేలితో నెమ్మదిగా రాసింది.

"చెల్లెలు మామ్మా, అది" అన్నాను.

"నాకు తెలుసు అది కాదని. అయినా సూపించు."

తరవాత నేను ఆ వైపు ఎప్పుడు వెళ్లినా ఆమె నా స్కూటీ చప్పుడు పట్టేసి గుమ్మంలోకి వచ్చేది. చూపించమనేది. చూపించేదాన్ని. కొన్నాళ్లకి వేరే దారిన వెళ్లడం మొదలుపెట్టాను.

బిల్లు వచ్చింది. కొట్టువాడు ఇంక రాలేదు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ రికార్డులో ఆమె బతికే ఉంది. ఇంటి గురించి ఏ సందేశమొచ్చినా ఆమె పేరుతోనే భర్త ఫోనుకి వచ్చేది. మీ ఇంటికి కరెంటు మీటరు మంజూరైంది, మీ ఇంటికి కుళాయి మంజూరైంది అంటూ. అతనికి చదువు రాదు. కూతురి చేత చదివించుకునేవాడు. ఆ పిల్ల అమ్మ పేరు దగ్గర ఆగి, తరవాత మిగతాది చదివేది. ఒకసారి నేనున్నప్పుడే చదివింది.

నాకు పనిలో వేరే ఇబ్బంది మొదలైంది. ఏ ఇంటి ముందు ఎవర్ని నిలబెట్టినా, తెర మీద ముందు కాళ్లే చూసేదాన్ని. గోడకి ఆనుకున్నవాళ్లని ఆనుకునే ఉండమనేదాన్ని. అలాంటి ఫొటోలు రెండు పై ఆఫీసు నుంచి తిరిగొచ్చాయి. మళ్లీ అలాగే తీశాను. ఎవరూ లేని ఇళ్ల కొలతలు తీసుకుంటున్నప్పుడు, వెనకాల ఎవరో సరిగ్గా నిలబడడానికి చీర సర్దుకుంటున్న చప్పుడు వినిపించేది. తిరిగి చూస్తే సరుగుడు కొమ్మలు ఇసక మీద రాసుకుంటూ ఉండేవి.

కానీ అసలు దెబ్బ తగిలింది ఆ చెల్లెలికి. ఫొటో సంగతి ఊళ్లో దాగలేదు. అక్క చీర కట్టుకుని అక్క గుమ్మంలో నిలబడింది కాబట్టి అక్క జాగా దానిదే అన్నారు జనం. బావకి ఇచ్చేస్తే పిల్లకి తల్లి ఉంటుంది, ముసలమ్మకి దిక్కు ఉంటుంది అన్నారు. మొదట వేళాకోళంగా అన్నారు, తరవాత పెద్దలు కూర్చుని అన్నారు. ఒక రోజు ఆ పిల్ల సచివాలయం బయట నా కోసం కాచుకుని ఉంది. చిక్కిపోయింది.

"కుళాయి కాడ ఎవులో మా అప్ప పేరెట్టి పిలిసినారు మేడమ్. నాను ఊఁ అనీసినాను" అంది. "బిందె ఒగ్గీసి పరుగెత్తుకొచ్చినాను. మీరేటైనా సెయ్యండి. ఆ పొటో తీసీండి."

ఒకసారి ఎక్కిన ఫొటో తీసెయ్యడం నా చేతిలో లేదన్నాను. తీసెయ్యాలంటే ఎందుకు తీసెయ్యాలో పైవాళ్లకి రాసి ఇవ్వాలి. రాస్తే నా ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలుసు. చూద్దాంలే అన్నాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి మండలంలో పూర్తయిన ఇళ్లన్నిటికీ ఒకే రోజు గృహప్రవేశాలు పెట్టారు. మా కాలనీలోనే సభ. షామియానా వేశారు, మైకు పెట్టారు, కొబ్బరాకుల తోరణాలు కట్టారు. లబ్ధిదారులు ఒక్కొక్కరే వేదిక ఎక్కి తాళంచెవి తీసుకోవాలి. పేర్ల జాబితా చేతిలో పట్టుకుని నేను వేదిక పక్కన నిలబడ్డాను. అది తయారు చేసింది నేనే. ఆమె పేరు అందులోంచి కొట్టేయడానికి ముందు రోజు పెన్ను తీసి, మళ్లీ మూత పెట్టేశాను. కొట్టేస్తే ఎందుకని అడుగుతారు. ఎవరూ రాకపోతే తరవాతి పేరు పిలుస్తారులే అనుకున్నాను.

మైకులో ఆమె పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. ఇంటిపేరుతో సహా మళ్లీ పిలిచారు. ఆడవాళ్ల వరసలో కదలిక మొదలైంది. ముసలమ్మలిద్దరు చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నారు. "ఎల్లవే, పిలత్తన్నారు గదా. ఎల్లు." ఆ పిల్ల కుర్చీ పట్టుకుని కూర్చుంది. నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. మూడోసారి పిలిచారు. సముద్రం గాలికి మైకు గుయ్యిమంది. ఆ పేరు కాలనీలోని ఖాళీ గోడలకి కొట్టుకుని, కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించింది.

అప్పుడు మగవాళ్ల వెనక నుంచి అక్క భర్త లేచాడు. చెప్పులు కిందనే వదిలి వేదిక ఎక్కాడు. తాళంచెవి అందించబోతుంటే తీసుకోలేదు. మైకు వైపు వంగి అన్నాడు.

"అది నేదండి. పోనాది. లింటల్ అయినాక పోనాది."

వేదిక మీదున్న అధికారి ఆ ఇంటి వివరాలు ట్యాబులో తెరిచి చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు. "మరి ఈ శ్లాబు ఫొటోలో ఉన్నదెవరమ్మా?" అని మెల్లగానే అడిగాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఆమె చెల్లెలు సార్. నేనే నిలబెట్టాను" అన్నాను.

నా గొంతు బయట స్పీకర్లలో నాకే వినిపించింది. భయం వేసింది, కానీ ఎన్ని నెలల తరవాతో నిండుగా ఊపిరి పీల్చాను. చెల్లెలు కుర్చీ వదిలేసి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఆమె పక్కన ముసలమ్మలు చేతులు వెనక్కి తీసుకున్నారు.

మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. ఏమీ దాచలేదు, లింటల్ ఫొటో నాటి సిగ్నల్ సంగతి కూడా రాశాను, అది వాళ్లకి ఎందుకో తెలియకపోయినా. ఇంక్రిమెంట్ ఆపారు, నౌపడ వైపు బదిలీ చేశారు. ఆ ఫొటో తీసేశారు. వారసత్వం కాగితాలు నడిపించి, ఇల్లు భర్త పేరు మీదికి మార్చి, కొత్త ఫొటోలో అతన్ని నిలబెట్టారు. ఇచ్చిన బిల్లు వెనక్కి అడగలేదు. వాళ్లు ఇంట్లోకి వెళ్లారు. నేను చెయ్యడానికి భయపడిన పని పూర్తవడానికి నాలుగు నెలలకి మించి పట్టలేదు.

పోయిన ఏడాది కాశీబుగ్గలో బస్సు కోసం నిలబడ్డాను. జీడిపప్పు బట్టీ నుంచి ఆడవాళ్లు గుంపుగా బయటికొస్తున్నారు. వాళ్లలోంచి ఒకమ్మాయి నా ముందుకొచ్చి ఆగింది. వేళ్లు జీడిరసానికి నల్లబడి ఉన్నాయి. ఒక అడుగు వెనక్కి వేశాను. రెండు క్షణాల తరవాత గానీ చెల్లెలని పోల్చుకోలేదు. ఇప్పుడు ఆమెకి అక్క వయసు మొహం వచ్చింది.

"భయపడ్డారేటి మేడమ్?" అంది నవ్వుతూ.

ఇద్దరం టీ తాగాం. ఇక్కడే గది తీసుకుని ఉంటున్నానని, ఇంకో నలుగురు అమ్మాయిలతో కలిసి వండుకుంటున్నానని చెప్పింది. పెళ్లి మాట ఆ సభ తరవాత ఎవరూ ఎత్తలేదట. బావ మళ్లీ గుజరాత్ వెళ్లిపోయాడట. పరీక్షలు చేయించుకున్నావా అని అడిగాను. "సేయించినాను. బాగానే ఉన్నాదన్నారు. ఆర్నెల్లకోపాలి రమ్మన్నారు" అంది. నన్ను క్షమించమని అడగాలని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపేసింది.

"మీరు సెప్పినారు, నాను నిల్సున్నాను. తప్పు ఇద్దరిదీని" అంది.

"ఆ ఇంటికి వెళ్తున్నావా?"

"ఆదోరం ఎల్తాను, అప్ప గుంటకి జడెయ్యడానికి. లోపలికెల్లను. మెట్టు మీద కూకుంతాను." గ్లాసు కింద పెట్టింది. "ఎల్లగానే అలవాటుగా అప్పా అని పిలిసీత్తాను మేడమ్. సిన్నప్పటి నుండి అప్ప గుమ్మం కాడికెల్తే అదే పిలుపు గదా. ముసలమ్మ లోపల్నుండి ఊఁ అంతాది. ముందు భయమేసీది. ఇప్పుడు ఆయమ్మ పలికీదాకా అక్కడే నిల్సుంతాను."

టెక్కలి బస్సు వచ్చింది. ఎక్కాలి కాబట్టి ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని చూసేసరికి ఆమె బట్టీ అమ్మాయిల్లో కలిసిపోయి నడుస్తోంది, ఎవరు ఎవరో తెలియడం లేదు.